గణితం తరగతిలో, కంప్యూటర్ ఇంట్లో

పన్నెండో తరగతి ఫలితాలు రాగానే అండమాన్‌లోని తెలుగు ఇళ్లలో చర్చంతా ఒకచోటికే వచ్చి ఆగుతుంది. పిల్లల్ని మెయిన్‌ల్యాండ్‌ పంపి కంప్యూటర్ సైన్సులో బీటెక్ చేయించాలా, లేక ఇక్కడే ఏదో ఒక డిగ్రీలో చేర్చాలా? శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని ప్రోతరాపూర్ నుంచి చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. 2011 జనగణన నాటికి ఈ ద్వీపాల జనాభా 3.8 లక్షలు. అందులో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, తరగతిలో ఇంగ్లిష్ మాట్లాడే ఈ పిల్లలకు తెలివికి కొదవ లేదు. కొదవల్లా ఎంచుకోవడానికి ఎదుట ఉన్న దారులకే. చెన్నైకైనా విశాఖకైనా ఓడలో మూడు రోజుల ప్రయాణం. విమానంలో రెండు గంటలే అయినా ఆ టిక్కెట్టు ధర అందరికీ అందేది కాదు. మెయిన్‌ల్యాండ్ చదువంటే ఫీజుకు తోడు హాస్టలు, రాకపోకల ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. అయితే ఈ రెండు దారుల పక్కనే మూడోది ఒకటి తెరుచుకుని కొన్నేళ్లయింది. గణితంలో ఒక డిగ్రీ, కంప్యూటర్ సైన్సులో మరో డిగ్రీ ఏకకాలంలో చదవడమే అది. ఆ దారిలో నడవవచ్చు, నడవాలి కూడా. కాకపోతే గణితాన్ని తరగతి గదిలో గురువు ఎదుట కూర్చుని నేర్చుకోవాలి, కంప్యూటర్ చదువును దూరవిద్యకు వదలాలి. మనవాళ్లు సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తారు.

ముందు నిబంధన సంగతి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడం మన దేశంలో చాలాకాలం చెల్లలేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చి ఆ గేటు తీసింది. అప్పుడు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్నది తెలుగువారైన మామిడాల జగదేశ్ కుమార్. ఆ మార్గదర్శకాల ప్రకారం తరగతి వేళలు ఢీకొనకపోతే రెండు కోర్సులూ కాలేజీకి వెళ్లే చదవవచ్చు. ఒకటి కాలేజీలో, మరొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవవచ్చు. రెండూ దూరవిద్యలోనే అయినా అభ్యంతరం లేదు. దూరవిద్య కోర్సుకు గుర్తింపు ఉండాలి, వృత్తి విద్యా మండళ్ల నియమాలు ఎక్కడ వర్తిస్తే అక్కడ పాటించాలి. వేళలు కలవని రెండు కాలేజీలు ఇంత చిన్న పట్టణంలో దొరకడం కష్టం కాబట్టి ద్వీపాల విద్యార్థికి పనికొచ్చేది రెండో పద్ధతే. అందుకు కావలసిన ఇంటర్నెట్ కూడా వచ్చింది. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడి వీడియో పాఠం చూడటమంటే ఓపికకు పరీక్షే. తరగతిలో గణితం చదవడానికి 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయం ఉంది. దూరవిద్యకైతే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. జేఈఈ ర్యాంకుతో పని లేకుండా, అర్హత దశ దాటినవారికి ఐఐటీ మద్రాసు 2020 నుంచి డేటా సైన్సు డిగ్రీని ఆన్‌లైన్‌లో ఇస్తోంది. కాబట్టి దారి లేదన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు.

దారి ఉన్నంత మాత్రాన నడవాలా? రెండు శాస్త్రాలూ కలిసి ఏం చేస్తాయో చూడటానికి ఈ ద్వీపవాసులు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంతో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో నేల కుంగింది. సిప్పీఘాట్ దగ్గర పొలాల్లోకి ఉప్పునీరు చేరి నిలిచిపోయింది. మన దేశానికి అప్పుడు సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007లో అది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో ఏర్పాటైంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి చెప్పడం ఎలా కుదురుతుందంటే, గణితం వల్లనే. సునామీ వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే ఆ వేగం వస్తుంది. 4,000 మీటర్ల లోతులో సెకనుకు 200 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్లు పైమాటే. తీరం దగ్గర 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి అదే అల గంటకు 36 కిలోమీటర్లకు తగ్గుతుంది, తగ్గిన కొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఇంతవరకూ ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్కే. కానీ నిజమైన సముద్రపు అడుగు చదునుగా ఉండదు. అక్కడ సమీకరణాలను చేత్తో సాధించలేం. సముద్రాన్ని గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో నీటి మట్టాన్ని కంప్యూటరుతో క్షణక్షణానికీ లెక్కకట్టించాలి. భూకంపం వచ్చాక అంత లెక్క చేసే వ్యవధి ఉండదు గనుక ఇన్‌కాయిస్ రకరకాల భూకంపాలను ఊహించి ముందే లెక్కలు చేయించి భద్రపరచింది. నిజంగా భూమి కంపించినప్పుడు దానికి దగ్గరి లెక్కను వెతికి పట్టి, ఏ తీరానికి ఎప్పుడు ఎంత ఎత్తున అల చేరవచ్చో చెబుతుంది.

ఈ పనిలో ఒక మెలిక ఉంది. గడి పొడవు రెండు కిలోమీటర్లు, అల వేగం సెకనుకు 200 మీటర్లు అనుకుందాం. అల ఒక గడి దాటడానికి పది సెకన్లు పడుతుంది. ప్రోగ్రాము త్వరగా ముగియాలన్న ఆశతో పది సెకన్లకు బదులు అర నిమిషానికోసారి లెక్కకట్టమంటే ఏమవుతుంది? ప్రోగ్రాములో ఒక్క అక్షర దోషం లేకపోయినా నీటి మట్టం వందలు, వేలు, లక్షల మీటర్లుగా ఉబ్బిపోయి జవాబు చెత్త అవుతుంది. రెండు లెక్కల మధ్య వ్యవధి గడి పొడవును బట్టి చిన్నదిగా ఉండి తీరాలన్న ఈ షరతును కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే రుజువు చేశారు. అప్పటికి కంప్యూటరే లేదు. కొన్ని సమీకరణాలకు సాధన ఉందని నిరూపించడానికే వాళ్లు ఆ పని చేశారు. కోడ్ మాత్రమే వచ్చినవాడికి ఆ జవాబు ఎందుకు పేలిపోయిందో అంతుపట్టదు. గణితం మాత్రమే వచ్చినవాడికి కారణం తెలుస్తుంది గానీ హెచ్చరిక పంపే యంత్రాన్ని నడపలేడు. తీరంలో ఉన్న మనిషికి ఆ ఇద్దరూ విడివిడిగా ఉంటే ఒరిగేదేమీ లేదు.

గణితానికీ ఇలాంటి గర్వభంగమే మరోచోట జరిగింది. వరుసగా పేర్చిన అంకెల్లో ఒకదాన్ని వెతకడానికి మధ్య స్థానం చూసి, సగం వదిలేస్తూ పోయే పద్ధతిని బైనరీ సెర్చ్ అంటారు. పైథాన్ నేర్చుకునే పిల్లలకూ ఇది పరిచయమే. మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగిస్తే మధ్య స్థానం వస్తుంది. గణితంలో దీనికి తిరుగు లేదు. పాఠ్యగ్రంథాల్లో రుజువుతో సహా ఉన్న పద్ధతి ఇది. అయితే జావా భాష లైబ్రరీలో ఇదే పద్ధతిలో రాసిన కోడ్‌లో దాదాపు తొమ్మిదేళ్లపాటు ఒక తప్పు దాగి ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా ప్రకటించారు. 32 బిట్ల పూర్ణాంకం సుమారు 214 కోట్లు దాటి లెక్కించలేదు. జాబితా బాగా పెద్దదైతే రెండు స్థానాల మొత్తం ఆ హద్దు దాటి రుణసంఖ్యగా మారిపోతుంది. మొదటి స్థానానికి తేడాలో సగం కలిపితే ఈ ప్రమాదం ఉండదు. కాగితం మీద రెండు సూత్రాలూ ఒకటే, యంత్రంలో ఒకటి కాదు. కాగితం మీది సంఖ్యలకు అంతు లేదు, యంత్రంలోని సంఖ్యలకు ఉంది. ఈ తేడాను పసిగట్టే చూపు రెండు చదువులూ లోతుగా చదివినవాడికి అలవాటుగా వస్తుంది.

ఇది మనవాళ్లకు కొత్త విద్య కూడా కాదు. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ చేసి, అక్కడితో ఆగకుండా 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్రంలో ఎం.ఏ. పొందారు. రెండేళ్లు తిరిగేసరికి 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ఆధునిక గణాంకశాస్త్రాన్నే మలుపు తిప్పింది. డేటా నుంచి ఎంత కచ్చితత్వం రాబట్టవచ్చో హద్దు చెప్పే సూత్రానికి ఆయన పేరు నిలిచిపోయింది. ఇవాళ మెషిన్ లెర్నింగ్ చదివేవారు ఆ పత్రంలోని ఆలోచనలకే తిరిగి వస్తున్నారు. 2023లో ఆయనకు దక్కిన అంతర్జాతీయ గణాంక పురస్కారం ఆ పత్రాన్ని ప్రత్యేకంగా గుర్తించింది. గణితమనే పునాది మీద రెండో శాస్త్రాన్ని కట్టడమే ఆయన చేసిన పని. చిన్న స్థాయిలో మన డిగ్రీ కాలేజీల ఎంపీసీఎస్ గ్రూపు ఉద్దేశమూ అదే. హైదరాబాద్ దగ్గరి బిట్స్ పిలానీ క్యాంపస్‌లో గణితంలో ఎంఎస్సీ, దానితోపాటు ఇంజినీరింగ్ డిగ్రీ అయిదేళ్లలో పూర్తిచేసే పథకం ఉంది. మొదటి ఏడాది మార్కులను బట్టి రెండో డిగ్రీ బ్రాంచి వస్తుంది. కంప్యూటర్ సైన్సు దక్కించుకోవడానికి గణితాన్ని నిచ్చెనగా వాడుకుని, ఎక్కాక తన్నేసేవాళ్లూ అందులో ఉంటారు. ఆ నిచ్చెన బుద్ధితో చేస్తే ఏ జంట డిగ్రీ అయినా ఒంటి డిగ్రీతో సమానమే.

ఇక ఏది ఎక్కడ చదవాలన్న అసలు మాట. ప్రోగ్రాములో కామా తప్పినా, బ్రాకెట్ మరిచినా కంప్యూటర్ అక్కడికక్కడే చెప్పేస్తుంది. రాత్రి పదకొండుకైనా విసుక్కోదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని నూరుసార్లు తప్పు రాసి నూటొకటోసారి సరిచేసుకోవచ్చు. రుజువు అలా కాదు. రుజువులో బొక్క ఉంటే కాగితం నోరు విప్పదు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41నీ కలపండి. సున్నా నుంచి 39 దాకా ఏ సంఖ్యతో చేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభైసార్లు నిజమైతే ఇక ఎప్పటికీ నిజమేనని విద్యార్థి రాసేస్తాడు. 40 దగ్గరికి వచ్చేసరికి జవాబు 1681, అంటే 41ని 41తో గుణిస్తే వచ్చేది. ‘నాలుగు విలువలు వేసి చూసి ఆప్షన్ టిక్కు పెట్టు’ అని కోచింగ్ సెంటర్లు ఏళ్ల తరబడి అలవాటు చేసిన బుర్రకు ఈ దెబ్బ అవసరం. నల్లబల్ల దగ్గర నిలబెట్టి ‘ఈ వరుస నుంచి ఆ వరుసకు ఎలా వచ్చావు?’ అని అడిగే మాస్టారు ఉంటేనే ఆ అలవాటు వదులుతుంది. కంప్యూటరుకు దొరకని తప్పులను పట్టుకోవడం గణితం పని గనుక, ఆ పట్టుకునే విద్యను వీడియోకు అప్పగించకూడదు. మనం చేస్తున్నది తిరగేసి ఉంది. కంప్యూటర్ కోర్సు కోసం అప్పుచేసి పిల్లల్ని వేల కిలోమీటర్లు పంపుతాం. గణితానికి మాత్రం గైడు కొనిచ్చి ఊరుకుంటాం.

రెండు పడవల మీద కాళ్లు పెడితే నడి నీళ్లలో పడతారని పెద్దలంటారు. అభ్యంతరం తీసిపారేసేది కాదు. రెండు కోర్సులంటే రెండు సెట్ల అసైన్‌మెంట్లు, రెండు పరీక్షల కాలెండర్లు. ఒకే పాఠానికి రెండుచోట్ల పరీక్ష రాయాల్సి రావచ్చు. అయితే ఈ రెండు చదువులూ చరిత్ర, రసాయనశాస్త్రంలా వేర్వేరు దిక్కులకు పోయేవి కావు. మాత్రికలు, సంభావ్యత, తర్కం, గ్రాఫులు రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఒకచోట సిద్ధాంతంగా చదివింది మరోచోట ప్రోగ్రాముగా తిరిగి ఎదురవుతుంది. రెండో చదువు ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు ఒక టర్ములో ఒకటి రెండు సబ్జెక్టులే తీసుకుని, మూడేళ్ల పనిని అయిదేళ్లకు సర్దుకునే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. రెండూ ఒకే రోజున పూర్తికావాలని ఎవరూ శాసించలేదు. గణితం ఇష్టం లేని పిల్లలకు, వెంటనే సంపాదనలో పడక తప్పని ఇళ్లకు ఈ దారి సిఫారసు చేయకూడదు. వాళ్లు ఒక్కటి చక్కగా చదివితే చాలు.

ఉద్యోగాలిచ్చేవాళ్లు బీటెక్ అడుగుతారు గానీ బీఎస్సీ గణితం ఎవరడుగుతారన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. క్యాంపస్ ఎంపికల్లో చాలా కంపెనీలు బీటెక్ గడి పెట్టి మిగతావాళ్లను పక్కన పెడతాయి. కానీ ఆ గడిలోని రద్దీ కూడా చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సీట్లలో పెద్ద వాటా కంప్యూటర్ సైన్సుకూ దాని పిల్ల బ్రాంచీలకే పోతోంది. అందరి చేతిలో ఒకే కాగితం ఉన్నచోట ఆ కాగితం ఎవరినీ వేరుచేసి చూపదు. గుప్తలేఖనం, వాతావరణ నమూనాలు, బీమా లెక్కలు, చిప్‌ల పరీక్ష, డేటా విశ్లేషణ వంటి పనుల్లో అడిగే ప్రశ్నలు వేరు. సముద్రాన్ని లెక్కకట్టే సంస్థల్లోనూ అంతే. పైగా రెండో డిగ్రీ కంప్యూటరుకు సంబంధించినదే గనుక ఎంసీఏకో, అప్లికేషన్లతో కూడిన గణిత ఎంఎస్సీకో తోవ ఉంటుంది. గణితాన్నీ కంప్యూటర్ సైన్సులో దాని వినియోగాన్నీ కలిపి ఇగ్నో ఒక ఎంఎస్సీ నడుపుతోంది. టీచరు కావాలనుకున్నా గణితం అక్కరకొస్తుంది. ద్వీపాల బడులకు స్థానికంగానే గణితం మాస్టార్లు తయారుకావడం చిన్న లాభం కాదు.

కోడ్ రాసే పనిని కృత్రిమ మేధ ఎత్తుకుపోతోంది, ఇప్పుడు ఆ చదువెందుకన్నది మూడోది. పైపైన కోడ్ రాయడం చవకైపోయిన మాట నిజమే. అందువల్లే ఆ కోడ్ సరైనదా కాదా అని తేల్చేవాడి విలువ పెరుగుతుంది. 2024 జులైలో గూగుల్ డీప్‌మైండ్ వ్యవస్థలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోని ఆరు ప్రశ్నల్లో నాలుగింటిని సాధించి 42కి 28 మార్కులు తెచ్చుకున్నాయి. అందులో బీజగణితం, సంఖ్యా సిద్ధాంతం జవాబులను లీన్ అనే భాషలో రాసి, ప్రతి మెట్టునూ యంత్రంతో సరిచూశారు. రుజువే ప్రోగ్రాముగా, ప్రోగ్రామే రుజువుగా మారే ఈ రంగంలో రెండు శాస్త్రాల మధ్య గోడ కనిపించదు. యంత్రం చెప్పింది నమ్మాలా వద్దా అని అడగగలిగిన మనిషి కావాలంటే రుజువు అంటే ఏమిటో తెలిసి ఉండాలి, యంత్రం లోపల ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి.

రెండు డిగ్రీల తంటా ఎందుకు, రెండూ కలిసిన ఒకే డిగ్రీ చదవవచ్చు కదా అనేవారి మాటే అన్నిటికన్నా బలమైనది. నిజానికి అదే ఉత్తమం. చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ సైన్సు కలిపిన బీఎస్సీ ఆనర్స్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో మ్యాథమేటిక్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ ఉంది. అక్కడ సీటు వచ్చి, పంపే స్తోమత ఉంటే మరో ఆలోచన వద్దు, ఓడ ఎక్కించండి. కానీ ఆ సీట్లు కొన్నే. జేఈఈకి గానీ, రుజువులు అడిగే చెన్నై ప్రవేశ పరీక్షకు గానీ శిక్షణ దొరకని ఊళ్లో ఉండి పోటీ పడటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. సీటు రానివారికి, వచ్చినా వెళ్లలేనివారికి ఆ నాణ్యతకు దగ్గరగా చేరే మార్గం జంట డిగ్రీ. ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో అప్పు చేసి కొన్న బీటెక్ సీటు కన్నా ఇది మేలైన బేరం.

ఈ బేరం కుదరాలంటే యంత్రాంగం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. కేబుల్ వేయడానికి ఖర్చుపెట్టిన ప్రభుత్వానికి వీటికయ్యేది పెద్ద మొత్తం కాదు. కొన్ని ఆన్‌లైన్ డిగ్రీలకు కూడా పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాల్సి ఉంటుంది గనుక, అలాంటి ప్రతి కోర్సు పరీక్షా కేంద్రం ద్వీపాల్లోనే ఉండేలా విద్యాశాఖ ఆయా సంస్థలతో మాట్లాడాలి. పరీక్ష కోసం ప్రతిసారీ సముద్రం దాటాల్సి వస్తే దూరవిద్య అన్న మాటకు అర్థం లేదు. పహర్‌గావ్‌లోని అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి సంస్థల కంప్యూటర్ ల్యాబులను సాయంత్రం వేళల్లో, సెలవుల్లో ఈ విద్యార్థులకు తెరవాలి. గణితం అధ్యాపకుల ఖాళీలను ఖాళీలుగా ఉంచకూడదు. తెలుగు సంఘాలు పండగలకు పెట్టే శ్రద్ధలో కొంత, ల్యాప్‌టాప్ కొనలేని పిల్లల మీద పెట్టాలి. తల్లిదండ్రులు చేరే ముందు కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో, పరీక్ష ఎక్కడ రాయాలో అడిగి తెలుసుకోవాలి. ఆ రెంటికీ సూటిగా జవాబు రాని చోట డబ్బు కట్టవద్దు. ఇవన్నీ కుదిరి రెండూ చదవగలిగితే సరే. ఒక్కటే కుదిరితే గణితాన్నే ఎంచుకోండి. ఎందుకంటే గణితం గట్టిగా వచ్చినవాడు కంప్యూటర్ తర్వాత నేర్చుకోగలడు. కంప్యూటర్ కోర్సు ముగించి ఉద్యోగంలో పడ్డాక గణితానికి వెనక్కి వచ్చేవాళ్లు చాలా తక్కువ.